చేప మీద పిండి, పిండిలో పాలు

నా గుర్తింపు కార్డు మీద ఫుడ్ టెక్నాలజిస్ట్ అని ఉండేది. మా లైన్లో పనిచేసే ఆడవాళ్లకు ఆ మాటతో పనిలేదు. నన్ను చేపల మేడం అనేవాళ్లు. మా అత్తగారికి ఆ పేరు వింటే ఒళ్లు మండేది. "గింత సదువు సదివి ఆఖరికి చేపలమ్మేదానివైనవ్" అని చుట్టాల ముందు దెప్పేది. నాకు మాత్రం ఆ పేరే ఇష్టం. రిటైరైన రోజు కార్డు తిరిగి ఇచ్చేశాను, ఆ పేరుతో మాత్రం ఇంకా పిలుస్తూనే ఉన్నారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఏం చదవాలి మేడం, ఏ కోర్సు చేస్తే మంచిది అని అడుగుతారు. చదవాల్సినవి మీ కాలేజీలోనే చెప్తారు. నేను ఏ హోదాలో చేరి ఏ హోదాలో దిగానో, ఆడిట్లప్పుడు ఎన్ని సంతకాలు పెట్టానో చెప్తే మీకూ నిద్ర వస్తుంది, నాకూ వస్తుంది. కాలేజీలో చెప్పనిది ఒకటుంది. అది చెప్పాలంటే ఒక పసిపిల్ల ప్రాణం మీదికి వచ్చిన సంగతి చెప్పాలి. దానికంటే ముందు చేప ముక్కకు పిండి ఎందుకు పట్టిస్తారో, ఆ పిండిలో ఏమేం ఉంటాయో చెప్పాలి.

ముక్క చుట్టూ ఏముంటుంది

మా ఫ్యాక్టరీ ఖమ్మం జిల్లాలో, కారేపల్లి దాటి ఇల్లందు పోయే దారిలో ఉంది. యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి నేలకొండపల్లి దగ్గర భూములు కొని వరి, మిరప వేశాడు. పెద్దాయన చేపల చెరువులు తవ్వించాడు. ముళ్లు తీసి, పిండి పట్టించి, కవర్లో పెట్టి అమ్మితే పట్నం వాళ్లు ఎగబడి కొంటారని ఎవరో చెప్తే ఈ ఫ్యాక్టరీ పెట్టాడు. ఎగబడలేదు కానీ కొన్నారు.

పని ఇలా సాగుతుంది. చేపను కోసి ముళ్లు తీసి ముక్కలు చేస్తారు. ఆ ముక్కల్ని ఫాస్ఫేట్ కలిపిన చల్లటి నీళ్లలో కాసేపు నానబెడతారు. వార్చి, పొడి పిండి చల్లి, జారుగా కలిపిన పిండిలో ముంచి, బ్రెడ్ పొడి అద్దుతారు. మరిగే నూనెలో కొద్దిసేపు వేసి తీస్తారు. అప్పటికి పైన పిండి గట్టిపడుతుందే తప్ప లోపల చేప ఉడకదు. తర్వాత రాయిలా గడ్డకట్టించి కవర్లో పెడతారు. మీరు ఇంటికి తెచ్చుకుని మళ్లీ నూనెలో వేస్తారు. ఇంట్లో వేపుడు చేసుకునే ముక్కకు ఇన్ని తిప్పలు ఉండవు. ఈ తిప్పలన్నీ తట్టుకోవడానికే లోపల కలిపేవన్నీ.

ఫాస్ఫేట్ వేస్తే గడ్డకట్టి కరిగేటప్పుడు చేపలోని నీరు కారిపోదు. మొక్కజొన్న పిండి కరకరలాడటానికి. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే జిగురు పొడి, పిండి ముక్కను వదలకుండా ఉండటానికి. పిండి గుల్లగా పొంగడానికి బేకరీ వాళ్లు వాడే పౌడరే కాస్త. మా చుట్టాలు నన్ను చూడగానే "మీ చేపలల్ల మందులు కలుపుతరంట గద" అనేవాళ్లు. కలుపుతాం అని చెప్పేదాన్ని. ఎంత కలుపుతున్నారు, ఎందుకు కలుపుతున్నారు అని అడిగితే కూర్చోబెట్టి చెప్పేదాన్ని. అది అడిగిన వాళ్లు తక్కువ.

ఎంత అనేదాని మీద ఒకసారి గొడవైంది. మా ప్రొడక్షన్ మేనేజర్ మధుసూదన్ ఖమ్మం కుర్రాడు, చురుకైనవాడు, పనంటే ప్రాణం. కానీ కొత్తది ఏది కనిపించినా రేపే చేసేయాలంటాడు. "ఫాస్ఫేట్ నీళ్లల్ల ఇంకొంచెంసేపు ఉంచితే ముక్క బరువొస్తది మేడం, చూడనీకి గూడ నిగనిగలాడ్తది" అన్నాడు. బరువు పెరిగేది నీళ్లతో అని నేను ఒప్పుకోలేదు. విషయం పెద్దాయన దగ్గరికి పోయింది. నేను వాదించకుండా రెండు మూకుళ్లు తెప్పించి, ఆయన ముందే రెండు రకాల ముక్కలు వేయించాను. ఎక్కువ నానిన ముక్క నూనెలో పడగానే చిటపటమని చిమ్మింది, చూస్తుండగానే సగానికి ముడుచుకుపోయింది. పైనున్న పిండి వదులు చొక్కాలా జారిపోయింది.

పెద్దాయన మూకుట్లోకి తొంగి చూసి, "ఏవమ్మా ఇది, వేపుడు వేస్తే పులుసయ్యింది" అన్నాడు. మధుసూదన్ వైపు తిరిగి, "మనం చేపలమ్ముదాం బాబూ. నీళ్లు వాళ్ల ఇళ్లలో ఉంటాయి" అన్నాడు. ఆ మాటతో గొడవ సద్దుమణిగింది. పెద్దాయనతో నాకు చాలాసార్లు పడలేదు కానీ, కళ్లముందు చూపిస్తే వినే మనిషి. అలాంటి యజమాని దొరకడం అదృష్టమే.

ఒకటి గుర్తుపెట్టుకోండి. నోరు తిరగని పేరున్నదల్లా విషం అనుకోవడం తప్పు. నోరు తిరిగే పేరున్నదల్లా మంచిదే అనుకోవడం కూడా తప్పే. మా ఫ్యాక్టరీలో ప్రాణం మీదికి తెచ్చింది రెండో తప్పు.

ఉపాసం ఉన్న నాలుక

నేను చేరిన కొత్తలో ఒక వింత జరిగేది. వేసవి మొదలయ్యే ముందు కొన్ని వారాలు మా పిండిలో ఉప్పు ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండేది కాదు. ఒక బ్యాచ్ చప్పగా, ఒక బ్యాచ్ ఉప్పు కషాయంలా వచ్చేది. తూకం యంత్రం పాడైందేమోనని బాగుచేయించాం. ఫలితం లేదు.

అప్పుడు పిండి కలిపే గదిలో సువార్త ఉండేది. టేకులపల్లి దాటాక అడవిలోకి ఉండే పల్లె ఆమెది. భర్త లారీ మీద పోతే ఎన్నాళ్లకు వస్తాడో తెలియదు. ఒక రోజు పక్కనే నిలబడి చూశాను. తూకం వేసి ఉప్పు పోస్తోంది, గుప్పిట్లో ఇంకాస్త పట్టుకుని, వేయాలా వద్దా అని పిండి వైపు చూస్తోంది.

"ఏం చూస్తున్నవ్ సువార్తా?"

"ఉప్పు సరిపోయిందో లేదో తెలుస్తలేదు మేడం. మామూలుగైతే నాలిక మీద పెట్టుకుని చూస్త. గిప్పుడు శ్రమల దినాలు గద, పొద్దంత ఉపాసం ఉంట. నాలిక మీద ఎట్ల పెట్టుకుంట?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పచ్చి పిండి నాలుక మీద పెట్టుకోవడం ఏ ఫ్యాక్టరీలోనూ కుదరదు. కానీ ఇంట్లో వంట చేసే ప్రతి ఆడదీ చేసే పనే అది. మిగిలిన రోజుల్లో మా పిండి రుచిగా ఉండటానికి కారణం తూకం యంత్రం కాదు, సువార్త నాలుక. క్రైస్తవులు శ్రమల దినాల్లో ఉపవాసం ఉంటే ఆ నాలుక కూడా సెలవు పెట్టింది. ఆ రోజు నుంచి ఉప్పు ముందే తూచి చిన్న పొట్లాలు కట్టించాను, నాలుక మీద పెట్టడం మాన్పించాను. ఆమె బుద్ధిగా మానేసింది, పిండి రుచి తగ్గిందని మాత్రం చాలాకాలం సణిగింది.

అప్పుడే ఆమె నన్నొక మాట అడిగింది.

"మేడం, గీ పిండ్ల పాలు గిట్ల ఏమన్న ఉంటయా?"

లేవన్నాను. ఎందుకని అడిగితే తన కూతురు ఎస్తేరు సంగతి చెప్పింది. ఆ పిల్లకు పాలు పడవు. చంటిపిల్లప్పుడు బర్రె పాలు పట్టిస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక భద్రాచలం దవాఖానాకు మోసుకుపోయారట. పాలు, పెరుగు, పాలపొడి ఏదీ నోట్లోకి పోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఊళ్లో ఎవరూ నమ్మరు. "పాలు పడని పిల్ల ఉంటదా, నీ వేషాలు గాకపోతే" అంటారు. పండుగలకు పాయసం పెట్టబోతారు. సువార్త ఇంటింటికీ ముందే పోయి చెప్పుకొస్తుంది.

"ఇప్పుడైతే లేవు. ఎప్పుడన్న మారితే నేనే నీకు చెప్తా" అన్నాను.

"గంతే చాలు మేడం" అంది.

ఆ మాట ఆమె ఎందుకు అడిగిందో తెలియాలంటే శనివారం కవర్ గురించి తెలియాలి.

శనివారం కవర్

లైన్ మీద ముక్కలు విరుగుతుంటాయి. అంచులు ఊడిపోతాయి, రెండు ముక్కలు అతుక్కుపోతాయి. రుచికి లోటుండదు, కవర్లో పెట్టడానికి మాత్రం పనికిరావు. వాటిని శనివారం షిఫ్ట్ అయ్యాక పనివాళ్లకు పంచేవాళ్లం. మామూలు తెల్ల పాలిథిన్ కవర్లో వేసి, పైన పాత పేపరు చుట్టి ఇస్తే, షిఫ్ట్ బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయేవాళ్లు. ఊరు చేరేసరికి కరగడం మొదలవుతుంది, కాబట్టి ఆ సాయంత్రమే వేయించాలి. శనివారం నీసు తినని వాళ్లు తమ కవర్ పక్కింటికి ఇచ్చేవాళ్లు. అడవి పల్లెల్లో ఎన్నో ఇళ్లల్లో పిల్లలు శనివారం బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు.

మంచి పద్ధతే. అందులో ఒక లోపం ఉంది, అప్పుడు ఎవరికీ తట్టలేదు. దుకాణానికి పోయే కవర్ మీద లోపల ఏముందో రాసి ఉంటుంది. తెల్ల కవర్ మీద ఏమీ ఉండదు. పనివాళ్లే కదా చేసేది, వాళ్లకు తెలియనిది ఏముంటుందని అందరి నమ్మకం. నిజానికి పిండి కలిపే వాళ్లు వేరు, ప్యాకింగ్ వాళ్లు వేరు. ఒకరి గదిలో ఏం జరుగుతుందో ఇంకొకరికి తెలియదు.

రంగు లేకుండా రంగు

మా ముక్క వేయిస్తే లేత బంగారు రంగులో వచ్చేది. పెద్దాయనకు అది నచ్చేది కాదు. "పెళ్లిళ్లలో చేప ముక్క ఎంత ఎర్రగా ఉంటుందమ్మా! మనది చూస్తే జబ్బు మనిషిలా ఉంది" అనేవాడు. పెళ్లిళ్లలో వేసేది రంగు. ఆ రంగు మన సరుకులో వేయకూడదని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "ఏదో ఒకటి చూడండి మరి" అని మధుసూదన్ మీద పడేవాడు. మధుసూదన్‌కు ఆ మాట బుర్రలో కూర్చుంది.

మా తమ్ముడి కూతురి పెళ్లికి నేను వారం రోజులు సెలవు పెట్టి సత్తుపల్లి వెళ్లాను. పెళ్లయ్యాక శనివారం ఇంటికి పోకుండా నేరుగా ఫ్యాక్టరీకి వచ్చాను, సోమవారం పోయే సరుకు శాంపిల్ చూసుకుందామని. అప్పటికి షిఫ్ట్ బస్సు వెళ్లిపోయింది. మధుసూదన్ నన్ను చూడగానే ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"రాండి మేడం, చూడండి. చుక్క రంగు వేయలే. ఎట్ల ఎర్రవడ్డదో చూడండి!"

ప్లేటులో ముక్కలు నిజంగానే ఎర్రగా, అందంగా ఉన్నాయి.

"నూనె వేడి పెంచినవా?"

"లేదు మేడం."

"ఎక్కువసేపు వేయించినవా?"

"లేదు. పిండి మార్చిన. గిది కలిపి ఇచ్చే పిండి, సంచులల్ల వస్తది. నీళ్లు పోసుడు, ముంచుడు, గంతే. సువార్తను గూడ ప్యాకింగ్‌కు పంపిన. మీరు రంగు వద్దన్నరు గద, రంగు లేకుండ రంగు తెచ్చిన."

సంచి చూపించమన్నాను. అమ్మినవాడు ఏదీ దాచలేదు, వెనక ఇంగ్లీషులో అన్నీ వరుసగా రాశాడు. మైదా, మొక్కజొన్న పిండి, ఉప్పు, పాలపొడి. పాలలో ఉండే చక్కెర నూనె వేడికి తొందరగా ఎర్రబడుతుంది. రంగు అక్కడి నుంచే వచ్చింది. మా దుకాణం కవర్ల మీద మాత్రం పాల మాటే లేదు, అవి పాత కవర్లు. "మస్తు మిగిలినయి మేడం, పారేసుడెందుకు, అయిపోయినంక కొత్తయి కొట్టిద్దమనుకున్న" అన్నాడు.

"మధూ, ఇందులో పాలపొడి ఉంది."

"అవ్ మేడం. పాలే గద! పాలు గూడ తప్పేనా? దేవునికి గూడ పోస్తం."

"శనివారం కవర్లు ఇచ్చిన్రా?"

"ఇచ్చినం."

"సువార్తకు?"

"అందరికి ఇచ్చినం మేడం. ఏమైంది?"

ఫోన్ చేశాను. సువార్త ఫోన్ అందడం లేదు. బస్సు డ్రైవర్ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. టేకులపల్లి దాటితే ఆ ఊళ్లకు సిగ్నల్ ఉండదని నాకు తెలుసు. ఇంకేం ఆలోచించకుండా మధుసూదన్ కారెక్కాను. "జల్దీ పోనియ్" అన్నాను.

పొయ్యి దగ్గర

ఇల్లందు దాటేదాకా నేను చెప్పాను, అతను విన్నాడు. పాలు పడకపోవడం అంటే కడుపునొప్పి కాదని, ఆ పిల్లకు ఊపిరి ఆగిపోవచ్చని చెప్పాను. "పాలు పడని మనిషి ఉంటరని నేను ఎన్నడు ఇనలే మేడం, నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. అబద్ధం కాదు. మనలో ఎంతమంది విన్నారు? పాలు మన దృష్టిలో వస్తువు కాదు, శుభం. కొత్త ఇంట్లో పొంగిస్తాం, పుట్టలో పోస్తాం. అది ఒక పిల్లను చంపగలదని మనకు ఊహకు కూడా రాదు. ఫాస్ఫేట్ మార్చాలంటే మధుసూదన్ నన్ను పదిసార్లు అడిగేవాడు. పాలపొడి కాబట్టే అడగాలని తోచలేదు.

టేకుచెట్ల మధ్య దారి చీకటిపడుతోంది. మా షిఫ్ట్ బస్సు ఖాళీగా ఎదురొచ్చింది, అందరినీ దించేసి వస్తోంది.

సువార్త ఇంటి ముందు పొయ్యి మండుతోంది. మూకుట్లో ముక్కలు వేగుతున్నాయి. నన్ను చూసి జల్లిగంటె పట్టుకునే లేచింది. మొహం నిండా నవ్వు.

"ఏంది మేడం గిట్లొచ్చిన్రు! కూసోండ్రి, రెండు ముక్కలు తిని పోండ్రి. ఈసారి మస్తు ఎర్రగొచ్చినయ్."

పొయ్యి పక్కన పీట మీద ఎస్తేరు కూర్చుని ఉంది. ఒకటో తరగతి చదువుతున్న పిల్ల. చేతిలో సగం ముక్క ఉంది. నేను ఆ ముక్క లాక్కున్నాను.

"పిండి మారింది సువార్తా. ఇందులో పాలున్నయ్."

జల్లిగంటె కింద పడింది. ఆమె పిల్ల మొహం రెండు చేతులతో పట్టుకుని పొయ్యి వెలుతురుకు తిప్పింది. పెదవులు అప్పటికే ఉబ్బుతున్నాయి. పిల్ల మెడ గీరుకుంటూ, "అమ్మా, గొంతుల ఎట్లనో అయితుంది" అంది. ఆ గొంతు బొంగురుపోయింది.

చెప్పడానికి వెళ్లిన కారులోనే పిల్లను ఎక్కించుకుని పరిగెత్తాల్సి వచ్చింది. మధుసూదన్ హారన్ మీద చెయ్యి తీయకుండా నడిపాడు. వెనక సీట్లో సువార్త పిల్లను ఒళ్లో నిటారుగా పట్టుకుని "ప్రభువా, ప్రభువా" అంటోంది. పిల్ల ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు ఆగకూడదని నేను మొక్కని దేవుడు లేడు. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు నన్ను వదల్లేదు.

దగ్గర్లోని సర్కారు దవాఖానాలో చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. లోపలికి అడుగు పెడుతూనే చెప్పాను. "పాలు పడని పిల్ల. పాలపొడి ఉన్న చేప ముక్క తిన్నది. ఇప్పుడే." ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు. తొడకు ఇంజెక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టింది. కాసేపటికి ఈల తగ్గింది. తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఏం తిన్నదో తెలుసుకుని తెచ్చిన్రు కాబట్టి సరిపోయింది. చేప తిన్నదని ఒక్కటే చెప్తే నేను ముల్లు కోసం చూసేదాన్ని" అంది.

మధుసూదన్ వరండాలో మెట్ల మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

సువార్త పిల్ల మంచం పక్కన కూర్చుంది. పిల్ల నుదురు తుడుస్తూ ఉంది. తర్వాత మెల్లగా అంది.

"మారితే చెప్తనన్నరు గద మేడం."

కోపం లేదు ఆ మాటలో. అదే భరించలేకపోయాను. ఊళ్లో లేనన్న మాట నోటి దాకా వచ్చింది. ఆ మంచం పక్కన నిలబడి ఆ మాట అనడానికి సిగ్గేసింది. నేను సెలవులో ఉంటే ఆ పిల్లకు పాలు పడతాయా?

పెద్దాయన చేసిన రెండు పనులు

మర్నాడు ఆదివారమైనా పెద్దాయన ఇంటికి వెళ్లాను. బయటికి పోయిన సరుకంతా వెనక్కి తెప్పించాలన్నాను. ఆయనకు మొదట అర్థం కాలేదు.

"పాలు కలిసిందంటే జనం సంతోషిస్తారు గదమ్మా. దీనికి సరుకు వెనక్కి తేవడం ఏంటి?"

"ఎస్తేరు లాంటి పిల్ల ఖమ్మంలో ఇంకొకతె ఉంటే? వాళ్లమ్మ కవర్ మీద చదివి, పాలు లేవనుకుని పెడుతుంది. మనం అబద్ధం రాసిన కవర్ అది."

అబద్ధం అన్న మాట ఆయనకు గుచ్చుకుంది. చివరికి, "తెప్పించండి" అన్నాడు. దుకాణాల్లో మిగిలినదంతా వెనక్కి వచ్చింది. వెనక్కి వచ్చిన ఆ కవర్లన్నీ కాల్పించాడు, మా పాత పిండే మళ్లీ కలిపించాడు. ముక్క మళ్లీ జబ్బు మనిషిలా లేతగా వచ్చింది, ఆయన మళ్లీ నోరెత్తలేదు.

ఇది మొదటి పని, మంచి పని. రెండోది, శనివారం కవర్ బంద్ చేశాడు. "పనివాళ్లకు ఇచ్చి ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకమ్మా? ఇవ్వకపోతే ఏ గొడవా లేదు." మా వృత్తిలో ఇలాంటి జాగ్రత్త చాలా చూశాను. తప్పు జరిగిన చోట తలుపు మూసేసి, తప్పు పోయిందనుకుంటారు.

ఆ దెబ్బ సువార్త మీద పడింది. భోజనాల దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చోవడం మానేశారు. ఒకరోజు ప్యాకింగ్ దగ్గర నేను వింటుండగానే ఒకామె అంది. "ఒక్క పిల్ల కోసం అందరి నోట్ల మన్ను గొట్టిన్రు. మా పోరగాండ్లు ఏం పాపం జేసిన్రు?" సువార్త తల వంచుకుని కవర్లు అంటిస్తూనే ఉంది. ఆ సాయంత్రం నా గదికి వచ్చింది.

"పని బంద్ జేస్త మేడం. నా మొకం చూస్తె అందరికి ఆ ముక్కలే యాదికొస్తున్నయ్."

పిల్ల చావు తప్పించుకుంది, తల్లి కూడు పోగొట్టుకునేలా ఉంది. నాకు ఒళ్లు మండింది. నేరుగా పెద్దాయన గదిలోకి వెళ్లాను.

"కవర్లు ఇవ్వడం తప్పు కాదు. ఏముందో చెప్పకుండా ఇవ్వడం తప్పు. దుకాణం వాళ్లకు చెప్పేది, మన వాళ్లకు ఎందుకు చెప్పం? రాసిన కవర్లో పెట్టి ఇద్దాం. చదవలేని వాళ్లకు గేటు దగ్గర నేను చదివి వినిపిస్తా. పిండి మారాలంటే ముందు గేటు దగ్గర చదివాకే లైన్ మీదికి పోవాలి. నేనున్నా లేకున్నా."

"గేటు దగ్గర నిలబడి చదువుతావా, చాటింపు వేసినట్టు?" అని నవ్వాడు పెద్దాయన.

"వేస్తాను" అన్నాను.

గేటు దగ్గర

అలా మొదలైంది. శనివారం షిఫ్ట్ అయ్యాక అందరూ గేటు దగ్గర నిలబడతారు. ఒక కవర్ వెనక్కి తిప్పి పైకి చదవాలి. చేప, మైదా, మొక్కజొన్న పిండి, బ్రెడ్ పొడి, ఉప్పు, ఫాస్ఫేట్, జిగురు పొడి, బేకింగ్ పౌడర్, నూనె. చివర్లో, "పాలు లేవు, గుడ్డు లేదు." అడవి ఊళ్ల నుంచి వచ్చే ఒకామె అదే మాట వాళ్ల భాషలో చెప్పేది. ఆ తర్వాతే కవర్లు పంచాలి.

మొదట్లో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. "మేడం శ్లోకం సదువుతుంది" అన్నారు. కొన్నాళ్లకు వాళ్లే ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఫాస్ఫేట్ అంటే ఏంది, మా మామకు బీపీ ఉంది, ఇందుల ఉప్పెంత? సువార్త పక్కన మళ్లీ కూర్చున్నారు. ఎవరూ క్షమాపణలు చెప్పలేదు, ఒకరోజు ఎవరో తన డబ్బాలోని పచ్చడి ఆమె కంచంలో వేశారు, అంతే.

మధుసూదన్ ఇప్పుడు ఇంకో చోట పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. అక్కడా పిండి మారితే నాకు ఫోన్ చేసి చెప్తాడు. నాకెందుకు చెప్తావయ్యా అంటే, "ఎవలకన్న చెప్పకుండ చేతులు ఆడవు మేడం" అంటాడు. అతనిలా తప్పు నుంచి నేర్చుకున్న మనిషిని నేను ఎక్కువమందిని చూడలేదు. ఇది మనసారా చెప్తున్నాను.

నా చివరి శనివారం ఎస్తేరు వచ్చింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నేను చదవబోతుంటే కవర్ నా చేతిలోంచి తీసుకుంది. ముందువైపు ఎర్రగా వేగిన చేప బొమ్మ ఉంటుంది, దుకాణంలో అందరూ చూసేది దాన్నే. ఆ పిల్ల బొమ్మ వైపు చూడనైనా చూడలేదు. అలవాటుగా వెనక్కి తిప్పి, గొంతెత్తి, మొదటి నుంచి చివరి దాకా చదివింది. "పాలు లేవు" అన్నప్పుడు గేటు దగ్గర ఎవరూ నవ్వలేదు. నేను కళ్లు తుడుచుకున్నాను.

కవర్లు పంచాక సువార్త నా దగ్గరికి వచ్చింది. జుట్టు తెల్లబడింది, ఇప్పటికీ ప్యాకింగ్‌లోనే ఉంది.

"మీరు పోయినంక మారితే ఎవలు చెప్తరు మేడం?"

రూల్ ఉంది, కొత్త ఆఫీసర్ వస్తారు, పద్ధతి ఆగదు అని చెప్పాను. ఆమె తలూపింది, నమ్మినట్టు లేదు. ఒకసారి మాటిచ్చిన మనిషి ఊళ్లో లేకపోతే ఏమైందో ఆమె చూసింది. రూల్ కూడా సెలవు పెట్టగలదని ఆమెకు తెలుసు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ కుర్చీలోకి మీలో ఎవరో ఒకరు వస్తారు. శనివారం సాయంత్రం మీకు ఖమ్మం బస్సు పట్టుకోవాలని తొందరగా ఉంటుంది. పోయినవారం చదివిందే కదా, ఏం మారిందని అనిపిస్తుంది. అప్పుడు ఒకసారి గేటు వైపు చూడండి. కవర్ కోసం సువార్త అక్కడే నిలబడి ఉంటుంది. మీరు చదివేదాకా బస్సెక్కదు.